చెక్కు శబ్దవిచారము

ఆంగ్లభాషనుండి మన వ్యవహారములోనికి వచ్చిన మాటలలో 'చెక్కు' మిక్కిలి వాడుకగలది. బ్యాంకునుండి సొమ్ము తీయుటకు వ్రాసి యిచ్చు పత్రము చెక్కు. రైలుబండిలోఁ టిక్కెట్లు పరీక్షించుట చెకింగు. దారి కడ్డముగా దూలము వేసి బండ్ల నాపు చోటు చెక్‌పోస్టు. గళ్ళ చొక్కా చెక్సు చొక్కా. చదరంగమాడు బాలుఁడు ఎదుటివాని రాజు నెదిరించి 'చెక్' అని కేకవేయును. నేఁటి వార్తాపత్రికలలో నొక నాయకుఁడు తన ప్రత్యర్థికిఁ 'జెక్' పెట్టును. ధనము, పరీక్ష, అడ్డు, గళ్ళు, ఆట: వీనికిఁ బరస్పరసంబంధ మేమి? అర్థము మాఱినచో శబ్దమును వేఱే యని యొక దర్శనము. శబ్దమొక్కటియే, అర్థములు పెక్కు లని యింకొక దర్శనము. ఈ రెంటిని భర్తృహరి వాక్యపదీయమునఁ జర్చించెను. ఏ దర్శనము నంగీకరించినను, ఒక యర్థమునుండి వేఱొక యర్థము ఎట్లు పుట్టెనో తెలియుటకు శబ్దము నడచిన దారిని వెదకక తప్పదు. అమరుని నానార్థవర్గము అర్థములను గూర్చి చెప్పునే కాని యీ దారిని జెప్పదు. అది యాతఁడు పెట్టుకొన్న పనియుఁ గాదు. చెక్కు శబ్దము విషయమున నా దారి యించుమించుగా నడుగడుగునకు సాక్ష్యముతో దొరకుచున్నది. ఇట్టి భాగ్యము శబ్దవిచారకులకుఁ దఱచుగా లభించునది కాదు.

మొదట మన యింటి చెక్కులను వేఱు చేయవలెను. శిల్పి రాతిని జెక్కును, ఇది క్రియ. కవుల చెక్కు కపోలము. చెక్కిలి యన్నను నదియే. భూమి దస్తావేజులలో హద్దులు తెలుపు 'చెక్కుబందీ' హిందుస్తానీనుండి వచ్చినది; అందలి 'చక్' భూఖండము. ఈ మూఁటికి నాంగ్లపుఁ జెక్కుతో నే చుట్టఱికమును లేదు. ధ్వనిసామ్యము యాదృచ్ఛికము. ఈ మాట నింత నొక్కి చెప్పుటకుఁ గారణము ముందు దెలియఁగలదు.

ఆంగ్లపుఁ జెక్కునకు మూలము పారసీకభాషలోని 'షాహ్', అనఁగా రాజు. ఈ షాహ్ మాటకుఁ బ్రాచీనరూపము మొదటి దరయవుసు రాజు బెహిస్తూన్ కొండపైఁ జెక్కించిన శాసనమునఁ గలదు. అది క్రీస్తునకుఁ బూర్వము ఆఱవ శతాబ్ది చివరి కాలపుది. అందలి రూపము 'ఖ్షాయథియ'. 'ఖ్షాయథియ ఖ్షాయథియానామ్' అని రాజాధిరాజను బిరుదమును గలదు. ఇదియే పిమ్మట 'షాహన్‌షాహ్' అయ్యెను. షష్ఠీబహువచనపు 'ఆనామ్' ప్రత్యయమును జూచిన సంస్కృతజ్ఞునకుఁ దన బంధువు నెదుటఁ జూచినట్లే తోఁచును. అది నిజమైన బంధుత్వమే. ఖ్షాయథియ శబ్దపు ధాతువు ఏలుట యను నర్థముగలది. మన వేదమున 'క్షయతి' యను క్రియ యీ యర్థముననే కలదు. నిఘంటువు దీనిని ఐశ్వర్యకర్మలలో 'రాజతి' ప్రక్కనే చేర్చినది. ధాతుపాఠమున మాత్రము క్షి ధాతువు భ్వాదిలో క్షయార్థమునను, తుదాదిలో నివాసగత్యర్థములందును గానవచ్చును. లోకభాషలో ఏలుట యను నర్థము మఱుగుపడెను. ఇప్పుడు క్షయ మన్నచో మనకు రోగమే స్ఫురించును.

క్షత్రశబ్దమును ఈ కుటుంబములోనిదే. దానిపైఁ బాణిని ఘ ప్రత్యయమును విధించి క్షత్రియశబ్దమును సాధించెను. క్షతమునుండి రక్షించునది క్షత్ర మను నిర్వచనము కావ్యజగత్తున మిగుల నింపైనది. చరిత్రదృష్టితోఁ జూచినచోఁ బారసీకమునఁ దత్సమానమైన 'ఖ్షథ్ర' శబ్దము రాజ్యార్థమున నుండుటచేత 'ఏలుబడి' యన్న యర్థమే మూలార్థ మని తేలుచున్నది. ఆ ఖ్షథ్రయే నవీనపారసీకమున 'షహర్' అయి, నగరార్థమున మన హైదరాబాదు వ్యవహారమునఁ గూడఁ జేరినది. పశ్చిమభారతము నేలిన క్షత్రపుల బిరుదమును దీని సంతతియే. ఆదిసంయోగమైన 'ఖ్ష' పారసీకమున 'ష' యగుటలో వింత లేదు. మన ప్రాకృతములలోను క్షకారము తన రూపమును నిలుపుకొనలేకపోయినది గదా!

ఇంతవఱకు జ్ఞాతిసంబంధము. ఇఁక జరిగినది యాత్ర. అష్టాపదముపై నాడు చతురంగక్రీడ మన దేశమునఁ బుట్టినది. ఏనుఁగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను సేనాంగములు నాలుగుండుటచేత దాని కా పేరు. బాణభట్టు ఏడవ శతాబ్దిలో హర్షచరితమున శ్లేషకొఱకు దీనిని వాడుకొనెను. తెనుఁగున నిది చదరంగ మైనది. పలకమీఁదఁ జదరము లుండుటచేతఁ జదరంగ మయ్యె నని పిల్లలనుకొనుట సహజము. కాని పేరు సేనాంగములను బట్టి వచ్చినది, గళ్ళను బట్టి కాదు. ఖుస్రూ అనూషిర్వాన్ (531–579) కాలమున నీ యాట భారతదేశమునుండి తమ రాజాస్థానమునకు వచ్చె నని పారసీకుల సంప్రదాయము. పహ్లవీభాషలో దీనికిఁ బ్రత్యేకముగా నొక చిన్నగ్రంథమే కలదు. అక్కడఁ జతురంగము 'చత్రంగ్' అయ్యెను. ఏడవ శతాబ్దిలో నరబ్బులు పారసీకమును జయించినపుడు ఆటయు వారి వశమైనది. వారి భాషలోఁ జకారగకారములు లేవు గావునఁ జత్రంగ్ 'షత్రంజ్' అయ్యెను.

ఇచట నొక విశేషమును గమనింపవలెను. ఆటకుఁ బేరు మనది. ఆటలోని రాజునకుఁ బేరు పారసీకులది. రాజు నెదిరించునపుడు 'షాహ్' అని హెచ్చరించుట వారి మర్యాద. అరబ్బులు స్పెయిను, సిసిలీ మార్గములఁ జదరంగమును ఐరోపాకుఁ గొనిపోయినపుడు స్పానిషువారు 'షత్రంజ్' అను పేరునే గ్రహించి 'అహెద్రేస్' అని పలికిరి. తక్కినవారిలోఁ బెక్కుమంది యా హెచ్చరికకేకనే యాటకుఁ బేరుగాఁ బెట్టుకొనిరి. లాటినున 'స్కాకి', ఇటలీలో 'స్కాక్కి', జర్మనున 'షాఖ్', ప్రాచీన ఫ్రెంచిలో 'ఎషెక్'. షాహ్ చివరి హకారమును లాటినువారు పలుకలేక కకారము చేసిరి. చెక్కులోని కకారమునకు మూల మిదియే. ఎషెక్ ఆంగ్లమునఁ జేరి, ఇరండు అను ద్రావిడరూపము మనకు రెండైనట్లు, ఆదిస్వరమును గోలుపోయి 'చెక్' అయ్యెను. దాని బహువచనము 'ఎషెస్' అట్లే 'చెస్' అయ్యెను. కాఁబట్టి చెస్ అనఁగా 'రాజులు' అని యర్థము. పాఠశాలలో బాలురకీ సంగతి చెప్పినచో ఆట యిష్టము లేనివాఁడును జెవి యొగ్గును.

ఆంగ్లమున 14వ శతాబ్దినాఁటికే చెక్ శబ్దము ఆటను విడిచి లోకములోనికి దిగినది. చాసరు కవి 'బుక్ ఆఫ్ ది డచెస్' అను కావ్యమున, భాగ్యదేవత యొక వీరునితోఁ జదరంగమాడి యాతని 'ఫెర్స్'ను హరించినట్లును, 'చెక్' అని పలికినట్లును గల్పించెను. ఈ ఫెర్స్ అరబ్బీ పారసీకములలోని మంత్రి. ఐరోపావారి చేతిలో నా మంత్రి క్రమముగా రాణి యయ్యెను. మనవారి పలకమీఁద నేఁటికిని మంత్రిగానే యున్నాఁడు. చెక్ అనఁబడిన రాజు వేఱొక యెత్తు వేయలేఁడు. తన్నుఁ దాను రక్షించుకొనుటయే యాతని పని. ఈ నిర్బంధమునుండి 'అడ్డగించుట' యను నర్థము పుట్టెను. అడ్డగించుటనుండి 'అదుపులో నుంచుట'. అదుపులో నుంచువాఁడు లెక్క సరిచూచును గాన 'పరీక్షించుట'. ఆలంకారికుల భాషలో నిది లక్షణపై లక్షణ. ప్రతి మెట్టునందును వెనుకటి యర్థము మఱుగుపడి క్రొత్తది వాచ్యమువలె రూఢమగుచు వచ్చినది. కుశలశబ్దమున దర్భలు కోయుటను, ప్రవీణశబ్దమున వీణను మనము మఱచినట్లే, టిక్కెట్టు చెకింగున రాజును మఱచితిమి.

ఈ యర్థపరిణామ మూహ గాదనుటకు మన భాషయే యొక సాక్ష్యమిచ్చుచున్నది. చదరంగమున రాజునకు వెడలుదారి లేకుండఁ జేయుట మనకు 'ఆటకట్టు'. ఇపుడు దొంగల యాట కట్టించితి మని రక్షకభటులు చెప్పుదురు. అచటఁ బలకయు లేదు, బంట్లును లేరు. ఫ్రెంచివారికి 'ఎషెక్' ఏకవచనమున నపజయము, బహువచనమునఁ జదరంగము. ఒకరి నొకరు చూచి నేర్చుకొనకయే మూఁడు భాషలు ఒకే త్రోవ పట్టినవి.

ఆటకట్టునకు ఆంగ్లమున 'చెక్‌మేట్' అందురు. ఇది 'షాహ్ మాత్'. మాత్ అనునది మరణార్థకమైన యరబ్బీక్రియ యని, కావున 'రాజు మృతుఁడయ్యె' నని యర్థమని పెక్కుచోట్లఁ జదువుదుము. పారసీకమున 'మాత్' అనఁగా దిక్కుతోఁచక నిలిచినవాఁడు. ఈ రెండవదే సమంజసము. పేరు పారసీకులు పెట్టినది; మఱియు నాటలో రాజును జంపుట లేనే లేదు. తక్కిన కాయలు చచ్చును, రాజు చిక్కును. ఆట నెఱిఁగినవాఁడు మొదటి యర్థమును జెప్పఁడు.

ఇఁకఁ బలక. రాజుల యాట యాడు పలకను మధ్యకాలపు లాటినున 'స్కాకారియుం' అనిరి. స్కాకస్ పై అధికరణార్థమునఁ బ్రత్యయము చేర్చిన రూపమిది. ఫ్రెంచిలో 'ఎషెకియే', ఆంగ్లమున 'ఎక్స్‌చెకరు'. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ కాలమున, 1110 ప్రాంతమున, రాజ్యపుఁ బన్నుల లెక్కలు సరిచూచు సభకు నీ పేరు గానవచ్చుచున్నది. కారణమును ఆ సభలోనివాఁడే వ్రాసిపెట్టెను. రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అను కోశాధికారి 1170 దశకపుఁ జివరిభాగమున లాటినున 'ఎక్స్‌చెకరు సంవాదము' అను గ్రంథమును రచించెను. గురుశిష్యుల ప్రశ్నోత్తరరూపమున నుండుటచేత మనకిది క్రొత్త గ్రంథమువలెఁ దోఁపదు. శిష్యుఁడు పేరునకుఁ గారణ మడుగును, గురువు చెప్పును.

పదియడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గల బల్ల. లెక్కబిళ్ళలు జాఱిపోకుండ నాలుగువ్రేళ్ళ యెత్తున అంచు. దానిపై నల్లని గుడ్డ. గుడ్డపై జేనెడో యడుగో యెడముగా గీఁతలు. గీఁతల నడుమఁ బెన్నీలకు, షిల్లింగులకు, పౌనులకు, ఇరువది పౌనుల రాసులకు, నూఱులకు, వేలకు వేర్వేఱు స్థానములు. ఏఁటికి రెండుమాఱులు, ఈస్టరుకును మైకేల్మసుకును, జిల్లాల షరీఫులు వచ్చి యీ బల్లయెదుటఁ గూర్చుండి లెక్క యప్పగింపవలెను. రావలసిన సొమ్మునకు బిళ్ళలు పైవరుసను, చెల్లించిన దానికిఁ గ్రిందివరుసను బెట్టి తీసివేయుదురు. రోమను సంఖ్యలతోఁ గూడిక తీసివేఁతలు కాగితముపైఁ జేయుట యెంత కష్టమో ప్రయత్నించినవారికిఁ దెలియును. మన దేశమున స్థానమూల్యమును సున్నయు నప్పటికి శతాబ్దులుగా వాడుకలో నున్నవి. ఆ గళ్ళగుడ్డ స్థానమూల్యమును సున్నలేకయే సాధించినది. చిల్లికి బదులు ఖాళీగడి! చదువురాని షరీఫును దన లెక్క యెట్లు తెగుచున్నదో కన్నులారఁ జూడఁగలిగెను.

ఫిట్జ్‌నీల్ చెప్పిన సామ్యము గీఁతలతో నాఁగలేదు. చదరంగమున నిద్దఱు రాజులకుఁ బోరు జరుగునట్లే యిచటఁ గోశాధికారికిని షరీఫునకును బోరు జరుగునని, తక్కినవారు చూచుచుందురని యాతని భావము. ఒకఁడు రాజు సొమ్ము నంతయు రాబట్టఁజూచును, ఒకఁడు తప్పించుకొనఁజూచును. లెక్కలసభను రణరంగముగాఁ జూచిన యీ యధికారి, కవి కాకపోయినను, సాదృశ్యము నెఱిఁగినవాఁడు. ఎక్స్‌చెకరు పేరు నేఁటికిని నిలిచియున్నది. బ్రిటనున నార్థికమంత్రి 'ఎక్స్‌చెకరు ఛాన్సలర్' అనియే పిలువఁబడును. 1921 నుండి ప్రధానమంత్రికి విడిదిగా నున్న చెకర్సు అను పల్లెసౌధమునకుఁ గూడ, 12వ శతాబ్దిలో నా భూమి గల ఎక్స్‌చెకరు నుద్యోగినిబట్టియే పేరు వచ్చె నని తలఁతురు.

ఆ సభలో రసీదులు కఱ్ఱలు. వేయి పౌనులకు అఱచేతి మందమున, నూఱింటికి బొటనవ్రేలి వెడల్పున, ఇరువదికిఁ జిటికెనవ్రేలంత, ఒక్క పౌనునకు యవగింజంత గంట్లు పెట్టి, గంట్లు రెండు భాగములందును నుండునట్లు కఱ్ఱను నిలువునఁ జీల్చి, ఒక సగము చెల్లించినవాని కిచ్చి, రెండవ సగము సభలో నుంచుకొనెడివారు. రెండును గలిపినచో మోసము బయటపడును. 19వ శతాబ్ది వఱకు నిలిచిన యీ కఱ్ఱలను 1834 అక్టోబరు 16న పార్లమెంటు పొయ్యిలలోఁ గాల్పఁబోఁగా మంటలు రేఁగి పార్లమెంటు భవనములే కాలిపోయినవి. చెక్కుపుస్తకమున మిగులు భాగమును గౌంటర్‌ఫాయి లందుము గదా. ఆ ఫాయిల్ తొలుత సభలో మిగిలిన యీ కఱ్ఱసగమునకుఁ బేరు.

ఇపుడు బ్యాంకుచెక్కు. 18వ శతాబ్ది యారంభమున ఎక్స్‌చెకరు పత్రములకు నొక ప్రతిభాగమును దగిలించి, దానితో సరిచూచి కూటపత్రములను బట్టెడివారు. మోసము నరికట్టునది గావున నా ప్రతిభాగమే 'చెక్'. తరువాత ప్రతిభాగము గల పత్రమునకును, చివరకుఁ బ్రతిభాగముతోఁ బనిలేకయే సొమ్ము చెల్లింపు మని బ్యాంకునకు వ్రాయు పత్రమునకును నా పేరే వ్యాపించెను. మన దేశమున 1881 నాఁటి శాసనము చెక్కును నిర్వచించినది.

ఇచటనే నా వ్యాసముయొక్క ముఖ్యాంశము. ఆంగ్లపదములన్నియు సంస్కృతమునుండియో తెనుఁగునుండియో పుట్టిన వని ధ్వనిసామ్యముచేత సాధింపఁజూచువారు మనలోఁ గొందఱు కలరు. వారి చేతికి పై వృత్తాంతమును సగము మాత్ర మిచ్చితి మనుకొందము. ఎక్స్‌చెకరు సభలో రసీదు చెక్క. దానిపై గంట్లు చెక్కినవి. కావునఁ 'జెక్కు' తెనుఁగుమాట! ధ్వని కుదిరినది, అర్థమును గుదిరినది, చరిత్రయు సగము కుదిరినది. అయినను నసత్యము. తెనుఁగుమాట ఎవరి నోట, ఏ కాలమున, ఏ దారిని ఇంగ్లండు చేరెనో చూపలేము. 'షాహ్' చేరిన దారిని బల్లలతో, గ్రంథములతోఁ జూపఁగలము. ఇంతకంటె బలమైన పూర్వపక్ష మింకొకటి కలదు. అరబ్బీలో 'సక్' అను మాట సొమ్ము చెల్లింపుపత్రమునకుఁ జిరకాలముగా నున్నది. పారసీకమున 'చక్' దస్తావేజు. బ్యాంకుచెక్కు వీనినుండియే వచ్చె నని పలువురు వ్రాసిరి. ఇది చెక్కకంటె గౌరవింపఁదగిన వాదము. కాని యాంగ్లమున నీ శబ్దము మొట్టమొదటఁ బత్రమునకుఁ గాక పత్రమును సరిచూచు ప్రతిభాగమునకుఁ బేరైనది. అరబ్బీమాట నేరుగా వచ్చియుండినచో మొదటినుండియుఁ బత్రార్థమే యుండవలెను. ఈ యొక్క హేతువు వాదమును ద్రోసివేయఁ జాలును. అర్థము స్ఫుటము కానిచో నక్షరవర్ణసామ్యముచేత నైన నిర్వచింపవలెను, నిర్వచింపక మానరాదని యాస్కుఁడు చెప్పిన మాట తన వేదపదములకు. దానిని బరభాషలకుఁ దోలుకొనిపోవుట యాస్కునికి సేవ కాదు. మన గౌరవమునకును లోటు లేదు: ఆట మనది, ధాతువు మనకును వారికిని సమానము. ఉన్న చుట్టఱికము చాలును. లేనిదానిఁ గల్పింప నక్కఱ లేదు.

గళ్ళగుడ్డ మాట యొక్కటి మిగిలినది. పలకను బోలిన గళ్ళు గలది చెకరు, సంగ్రహముగాఁ జెక్సు. చీరాల ప్రాంతపు నేఁతగాండ్రు నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో ఆఫ్రికా పశ్చిమతీరము వఱకుఁ బోయినవి.

షాహ్ శబ్దము తెనుఁగునేలకు చెక్కుకంటె ముందే వేఱొక దారిని వచ్చియున్నది. 1518 నుండి 1687 వఱకు గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల పేరులోనిది యదియే. వారిలో ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) మన కవులకు మల్కిభరాముఁడై, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకుఁ గృతిపతి యయ్యెను. పాదుషాలోని షాయు నిదే. శాబాసులోని 'శా' మాత్రము రాజు కాదు. అది సంతోషార్థకమైన 'షాద్'. ఒకే మాట గోలకొండనుండి షాగాను, లండనునుండి చెక్కుగాను వచ్చి మన వాక్యములలోఁ బ్రక్కప్రక్కను గూర్చున్నది. ఒకరి నొకరు గుర్తుపట్టరు.

నిఘంటుకారుల కొక మనవి. బ్రౌను దొర 1854లో నన్యదేశ్యములకు మిశ్రభాషానిఘంటువును వేఱుగాఁ గూర్చెను. అట్టి పనిని నేఁడు మరలఁ జేయువారు చెక్కు (పత్రము), చెక్, చెకింగు, చెక్సు అనువానిని ఒక్క శీర్షికక్రిందఁ జేర్చి యర్థక్రమమును జూపవలెను. చెక్కు క్రియను, చెక్కు కపోలమును, చెక్కుబందీని వేర్వేఱు శీర్షికలుగా నుంచవలెను. అక్షరక్రమమునుబట్టి యన్నిటిని వరుసగా నొక్కచోఁ గుప్పించుట తగదు. వర్ణక్రమ విషయమున నొక చిన్న సంగతి: బ్యాంకుపత్రమును అమెరికావారు పరీక్షార్థకమగు చెక్ వలెనే వ్రాయుదురు, ఇంగ్లండువారు ఎక్స్‌చెకరును దలఁచుకొని చివర నక్షరములు మార్చి వ్రాయుదురు, ఉచ్చారణ మొక్కటియే. మనము కకారమునకు ద్విత్వమును, చివర నుకారమును జేర్చి రెంటిని నొక్క తీరుననే వ్రాయుచున్నాము.